పాత సీపీయూకి, కొత్త మానిటర్‌కి మధ్య ఒక దుబాసీ

కిందటి శ్రావణమాసంలో ఒక గురువారం సాయంత్రం మా షాపులో మానిటర్ వెలిగి, రెండు సెకన్లలో ఆరిపోయింది. స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరిపోయింది. కింద ఉండే చిన్న లైటు మాత్రం అలాగే వెలుగుతోంది. స్పీకర్లలో విండోస్ మొదలైన చప్పుడు కూడా వచ్చింది. అంటే సీపీయూ తన పని తాను చేసుకుంటోంది, నాకే ఏమీ కనిపించడం లేదు. ఎవరో ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి, ఫోన్‌లో టార్చి వేసి తెరకు దగ్గరగా పెట్టి వంగి చూశాను. బావి అడుగున నీళ్ళు కనిపించినట్టు, ఆ నల్లటి తెర లోపల నేను మధ్యాహ్నం కొట్టిన పెళ్ళి కార్డు లీలగా కనిపించింది. పైన వినాయకుడి బొమ్మ, కింద శుభలేఖ మాటలు, ఆ కింద సగంలో ఆపిన ముహూర్తం.

ఎల్‌సీడీ మానిటర్లలో బొమ్మ చూపించే గాజు పలక వేరు, దాని వెనక వెలిగే లైటు వేరు. నాది ఆ వెనక లైటు పోయింది. రిపేరు చేసే అబ్బాయి వచ్చి చూసి, "ఇన్నేళ్ళ మానిటర్‌కి ఇప్పుడు పార్టులు ఎక్కడ దొరుకుతాయన్నా, కొత్తది తీసుకో" అన్నాడు. అది సబబే అనిపించింది. అక్కడి నుంచి ఆదివారం దాకా జరిగిందే ఇప్పుడు చెప్పబోతున్నది. ఇందులో తప్పంతా నాదే కాబట్టి చెప్పడానికి ఇబ్బంది లేదు.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి వైపు వెళ్ళే దారిలో నాదొక చిన్న డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు ట్యూషన్ సార్ల ప్రశ్నపత్రాలు. మా పెద్దమ్మాయి ఈ బళ్ళోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. షాపులో ఉన్న కంప్యూటర్ 2009లో కొన్నది. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. వినగానే నవ్వుతారని తెలుసు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాన్ని తయారుచేసిన అడోబీ కంపెనీ 2004లోనే దాని మీద పని ఆపేసింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో సెలవు చెప్పింది. అయినా మన వైపు చిన్న ఊళ్ళలో తెలుగు కార్డు కొట్టే షాపుల్లోకి వెళ్ళి చూడండి, ఇలాంటి యంత్రం ఒకటి మూలన ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది.

దానికి కారణం ఉంది. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరం అసలు తెలుగు అక్షరంగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లో మన గుణింతాల ముక్కలు, వత్తులు, తలకట్లు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపిస్తుంది. లేని చోట తెరిస్తే డాలర్లు, కామాలు, అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఇప్పుడు ఫోన్లలో మనం కొట్టే యూనికోడ్ తెలుగు వేరు, ఇది వేరు. నా దగ్గర పదిహేనేళ్ళ పైచిలుకు పని మొత్తం ఈ లిపిలోనే ఉంది. నా వేళ్ళకు అలవాటైన కీబోర్డు కూడా ఇదే. అందుకని కంప్యూటర్ మార్చడమంటే నాకు ఇల్లు ఖాళీ చేసినంత పని. మానిటర్ మార్చడం మాత్రం బల్బు మార్చినంత తేలిక అనుకున్నాను.

కార్డు కంభం వాళ్ళది. అయిదు వందల కాపీలు. వచ్చే శుక్రవారానికి చేతికందాలి, ఆ తర్వాత వాళ్ళు ఊరూరూ తిరిగి పంచుకోవాలి. శుక్రవారం పొద్దున్నే షాపుకి వెళ్ళి ఇరవై రెండు అంగుళాల మానిటర్ ఒకటి తీసుకున్నాను. సన్నటి అంచులు, తేలికగా ఉంది, ధర కూడా బాగుంది. వెనకవైపు ఏముందో తిప్పి చూడలేదు. తెచ్చి బల్ల మీద పెట్టి పాత కేబుల్ తగిలిద్దామని చూస్తే, తగిలించడానికి చోటు లేదు. నా సీపీయూ వెనక ఉన్నది నీలం రంగు వీజీఏ పోర్టు. మూడు వరసలు, వరసకు అయిదు చొప్పున పదిహేను రంధ్రాలు, రెండు పక్కలా మరలు. కొత్త మానిటర్‌కి ఉన్నవి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్, అంతే.

పక్కషాపు నుంచి పాత మానిటర్ ఒకటి అడిగి తెచ్చుకోవచ్చుగా అని మీకు తోచి ఉంటుంది. అడిగాను. పక్క నెట్ సెంటర్ అతను అన్నీ ల్యాప్‌టాప్‌లకు మార్చేశాడు, పాతవి తుక్కుకు వేసి ఆరునెలలైందట.

మళ్ళీ బజారుకి వెళ్ళాను. "వీజీఏ, హెచ్‌డీఎంఐ కలిపే కన్వర్టర్ ఇవ్వండి" అన్నాను. కౌంటర్‌లో అబ్బాయి అరలోంచి చేతికందినది తీసిచ్చాడు, మూడు వందల యాభై. ఒక చివర హెచ్‌డీఎంఐ పిన్ను, రెండో చివర వీజీఏ పోర్టు. పాత కేబుల్ ఒక కొస సీపీయూకి, రెండో కొస దీనికి బిగించాను, దీని పిన్ను మానిటర్‌లో పెట్టాను. అన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. స్విచ్ వేస్తే తెర మీద ఒక్కటే మాట, సిగ్నల్ లేదు అని. మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ మార్చి చూశాను. కేబుల్ ఊడదీసి బిగించి చూశాను. మార్పు లేదు.

సాయంత్రం మళ్ళీ ఆ రిపేరు అబ్బాయినే పిలిచాను. అతను చూసి, "బోర్డులో డిస్‌ప్లే కూడా పోయినట్టుందన్నా. ఎందుకింకా దీంతో కుస్తీ, కొత్త సెట్టు తీసుకో, పాతదాన్ని ఎంతో కొంతకి నేనే తీసుకెళ్తా" అన్నాడు. కోపం ఏమీ రాలేదు, నిజమే అనిపించింది కూడా. రేటు కూడా అడిగాను. ఆ డబ్బాలో ఏమేమున్నాయో ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

అమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే బల్ల దగ్గర నిలబడి ఆ కన్వర్టర్‌ని తిప్పి తిప్పి చూసింది. దాని మీద చీమంత అక్షరాలతో ఏదో రాసుంది. "నాన్నా, దీని మీద హెచ్‌డీఎంఐ టు వీజీఏ అనుంది. మనది వీజీఏ నుంచి కదా పోవాల్సింది?" అంది.

"ఏదైతే ఏముందమ్మా, వైరుకి ఇటేంటి, అటేంటి? నీకు పరీక్షలున్నాయి, పోయి చదువుకో" అన్నాను.

శనివారం షాపు మూసి ఒంగోలు బస్సెక్కాను. పొదిలి, చీమకుర్తి మీదుగా పోయి రావడమంటే ఒక రోజు పని. అందులోనూ చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక పడితే ఇంక చెప్పక్కర్లేదు. పెద్ద షాపులో మంచి కంపెనీది, రెట్టింపు ధరకి కొన్నాను. అక్కడా నేను అడిగిన మాట అదే, "వీజీఏ, హెచ్‌డీఎంఐ కలిపేది". వాళ్ళిచ్చిందీ అదే. రాత్రి ఎనిమిదింటికి వచ్చి బిగిస్తే తెర మీద అదే మాట, సిగ్నల్ లేదు.

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు అమ్మాయి మళ్ళీ అదే అడిగింది. ఈసారి కసరడానికి నాకు ఓపిక లేదు. "సరే చెప్పు" అన్నాను. తను ఫోన్‌లో అదీ ఇదీ చదివి, నోటుబుక్కులో బొమ్మ వేసి చూపించింది. నాకు అర్థమైనంత మటుకు నా మాటల్లో చెబుతాను.

వీజీఏని ఐబీఎం కంపెనీ 1987లో తన కంప్యూటర్లతో తెచ్చింది. అప్పటి మానిటర్లు లావుపాటి గాజు గొట్టం టీవీల్లాంటివి. లోపల ఒక కిరణం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి గీతలు గీసుకుంటూ పోతుంది. ఆ కిరణానికి ఎప్పుడెప్పుడు ఎంత వెలగాలో చెప్పడమే కేబుల్ పని. ఎరుపుకి ఒక తీగ, ఆకుపచ్చకి ఒకటి, నీలానికి ఒకటి. చీకటైతే వోల్టేజి సున్నా, పూర్తి వెలుగైతే 0.7 వోల్టు, మధ్యలో ఎంత కావాలంటే అంత. గీత ఎక్కడ అయిపోయింది, పేజీ ఎక్కడ అయిపోయింది అని చెప్పడానికి ఇంకో రెండు తీగలు. ఇది ఆలాపన లాంటిది, ఎక్కడా తెగకుండా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

హెచ్‌డీఎంఐ 2002 చివర్లో వచ్చింది. దీనికి ఆలాపన రాదు, అంకెలే వచ్చు. ఈ కొత్త మానిటర్ మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, అంటే 20,73,600 చుక్కలు. ప్రతి చుక్కలో ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని అంకెల్లో చెప్పాలి, అదీ సెకనుకి 60 సార్లు. కాబట్టి నీలం పోర్టు నుంచి వచ్చే ఆలాపనను ఈ మానిటర్‌కి నేరుగా వినిపిస్తే దానికేమీ అర్థం కాదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. పిన్నుల ఆకారం మార్చి చేతులు దులుపుకునే అడాప్టర్ ఇక్కడ పనికిరాదు, లోపల చిప్పు ఉండి ఒక భాష విని రెండో భాషలో చెప్పేది కావాలి.

ఈ దుబాసీలు ఒక వైపే పనిచేస్తారు. హెచ్‌డీఎంఐ టు వీజీఏ అంటే అంకెలు విని ఆలాపన చేసేది. కొత్త ల్యాప్‌టాప్‌ని పాత మానిటర్‌కో, పాత ప్రొజెక్టర్‌కో తగిలించేవాళ్ళకి అది కావాలి. వీజీఏ టు హెచ్‌డీఎంఐ అంటే ఆలాపన విని అంకెలు చెప్పేది. నాకు కావాల్సింది ఇది. తమాషా ఏమిటంటే, నేను కొన్న రకం కూడా నా కేబుల్‌కి, నా మానిటర్‌కి చక్కగా సరిపోతుంది. తాళంచెవి రంధ్రంలో దూరింది కాబట్టి తాళం తెరుచుకుంటుందనుకున్నాను. రెండు కొన్నాను.

ఇంకో తేడా కూడా అమ్మాయి చూపించింది. హెచ్‌డీఎంఐ పోర్టు తన పిన్నుల్లో ఒకదాని గుండా 5 వోల్టుల కరెంటు ఇస్తుంది, కాబట్టి మొదటి రకానికి ఎక్కువగా వేరే కరెంటు అక్కర్లేదు. రెండో రకం తగులుకునేది వీజీఏకి. అక్కడ దొరికే కరెంటుని నమ్ముకోలేం. అందుకే దానికి పక్కన ఒక యూఎస్‌బీ తోక ఉంటుంది, సీపీయూలోనో చార్జర్‌లోనో పెట్టాలి. దుబాసీకి భోజనం పెట్టకపోతే నోరు తెరవడు. వీజీఏలో శబ్దం కూడా పోదు, అందుకని కొన్నిటికి స్పీకర్ తీగ పెట్టుకునే చిన్న రంధ్రం కూడా ఉంటుంది. తోక ఉందా లేదా అని చూస్తేనే చాలావరకు ఏది ఏదో తెలిసిపోతుంది.

ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి మన ఊళ్ళో మొదట కొన్న షాపుకే వెళ్ళాం. ఈసారి నేను మాట్లాడలేదు. "అంకుల్, కంప్యూటర్ వైపు వీజీఏ, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ తీగ ఉన్నది కావాలి" అని తనే అడిగింది. అబ్బాయి అరలోంచే తీశాడు. శుక్రవారం నాకిచ్చిన దాని పక్కనే వేలాడుతోంది అది. అయిదు వందలు. ఒంగోలు బస్సు చార్జీలు, ఒక రోజు షాపు మూత, పనికిరాని రెండు కన్వర్టర్లు కలుపుకుంటే ఎంతైందో ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

తగిలించాం. ముందు యూఎస్‌బీ పెట్టి, తర్వాత కేబుళ్ళు బిగించి, చివర్లో సీపీయూ స్విచ్ వేయమంది. ఎక్స్‌పీ గుర్తు కనిపించేసరికి అమ్మాయి చప్పట్లు కొట్టింది. గురువారం సాయంత్రం టార్చి వెలుగులో చూసిన కార్డు ఇప్పుడు ఇంత వెడల్పున, వెలుగుతూ ఎదురుగా ఉంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సోమవారం మిగతా మాటర్ కొట్టి, తప్పులు దిద్ది, కూర్పు చూసుకుంటుంటే వినాయకుడు మరీ లావుగా కనిపించాడు. అక్షరాలు కూడా కాస్త సాగినట్టున్నాయి గానీ, కొత్త మానిటర్ కదా, పెద్దగా కనిపిస్తున్నాయి అనుకున్నాను. వినాయకుణ్ణి మాత్రం రెండు పక్కల నుంచి లోపలికి నెట్టి ముచ్చటగా చేశాను. ప్రూఫ్ తీసి కంభం పెద్దాయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఏందయ్యా, మా పెళ్ళికి వినాయకుణ్ణి పస్తుంచావా?" అన్నారు. కాగితం మీద వినాయకుడు తొండం ఉన్న వెదురుకర్రలా ఉన్నాడు.

పాత మానిటర్ దాదాపు నలుచదరం, కొత్తది బాగా వెడల్పు. పాతదాని కొలత 4కి 3, దీని కొలత 16కి 9. నా కంప్యూటర్ ఇంకా 1024కి 768 లెక్కనే బొమ్మ పంపుతోంది, మానిటర్ దాన్ని రెండు పక్కలకీ లాగి తెర నింపుతోంది. అంటే ప్రతిదీ ఉండాల్సిన దానికంటే మూడో వంతు ఎక్కువ వెడల్పుగా కనిపిస్తోంది. ఇంగ్లీషులో అయితే త్వరగా తెలియదేమో గానీ, మన అక్షరాలన్నీ గుండ్రాలే. సున్న కోడిగుడ్డులా కనిపించినప్పుడే నేను పట్టుకోవాల్సింది. ముప్పై వేల కార్డులన్నా కొట్టి ఉంటాను, పట్టుకోలేదు.

మామూలుగా మానిటర్ తన కొలతలు ఇవీ అని కేబుల్ గుండానే కంప్యూటర్‌కి చెబుతుంది. వీజీఏలో పదిహేను పిన్నుల్లో రెండు ఈ సంభాషణకే ఉన్నాయి. చవక కేబుళ్ళలో ఒక్కోసారి ఆ తీగలే వేయరు. మధ్యలో కన్వర్టర్ ఉంటే మానిటర్ బదులు అదే ఏదో ఒక కొలత చెబుతుంది. నా విషయంలో కేబుల్ బాగానే ఉంది. ఎప్పుడో విండోస్ మళ్ళీ ఎక్కించినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ వేయకుండా వదిలేశారు. బోర్డుతో వచ్చిన పాత సీడీ అటక మీద దొరికింది. డ్రైవర్ వేశాక కొలతల జాబితాలో 1920కి 1080 కూడా వచ్చింది. అది పెట్టగానే సున్న గుండ్రంగా అయింది, వత్తులు సూదిమొనలా కనిపించాయి. ఆ కొలత రాని బోర్డులు కూడా ఉంటాయి. అప్పుడు మానిటర్ మెనూలో ఆస్పెక్ట్ అని ఉన్న చోట 4కి 3 ఎంచుకుంటే రెండు పక్కలా నల్లటి పట్టీలు వదిలి బొమ్మను సరైన ఆకారంలో చూపిస్తుంది. చూడ్డానికి బాగోదు, కార్డు మాత్రం తప్పు పోదు.

వినాయకుడికి మళ్ళీ బొజ్జ వచ్చింది. కార్డులు గురువారం రాత్రికి కట్టలు కట్టి ఇచ్చేశాను.

ఈ సంగతి నలుగురికీ చెప్పుకుని నవ్వుకుంటుంటే, గిద్దలూరు నుంచి ఒక చెల్లెమ్మ ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి కూడా మన బడే. ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లు శుభ్రం చేసి అమ్ముతారు కదా, అలాంటిది ఒకటి పిల్లాడికి కొంది. మానిటర్ కొత్తది, హెచ్‌డీఎంఐ ఉంది. సీపీయూకి హెచ్‌డీఎంఐ లేదు, నీలం వీజీఏ ఉంది. "అన్నా, మీరు చెప్పిన తోక ఉన్న కన్వర్టర్ కొననా?" అని అడిగింది.

"వీజీఏ పక్కన ఇంకో పోర్టు ఉందేమో చూడమ్మా. హెచ్‌డీఎంఐ లాగే ఉంటుంది గానీ ఒక మూల మాత్రమే కోసినట్టుంటుంది" అన్నాను. ఉంది. అదే డిస్‌ప్లేపోర్ట్. ఇలాంటి ఆఫీసు కంప్యూటర్లలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్ ఉంటాయి. ఆ డిస్‌ప్లేపోర్ట్‌కి మామూలుగా హెచ్‌డీఎంఐ భాష కూడా వచ్చు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి అని రాసున్న మామూలు కేబుల్ ఒక్కటి చాలు. బొమ్మ మొదటి నుంచి చివరి దాకా అంకెల్లోనే పోతుంది కాబట్టి వీజీఏ కన్నా తేటగా ఉంటుంది, శబ్దం కూడా వస్తుంది. ఇదీ ఒక వైపు కేబులే సుమా. కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐ, మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఉంటే ఇదే కేబుల్ తిప్పి పెడితే పనిచేయదు. ఆ కొన చూడకుండా కొంటే ఆమె కూడా ఒంగోలు బస్సెక్కాల్సి వచ్చేది.

కొన్ని పాత గ్రాఫిక్స్ కార్డులకు తెల్లటి వెడల్పాటి డీవీఐ పోర్టు ఉంటుంది. దాన్నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళడానికి కూడా మామూలు కేబుల్ చాలు, రెండూ అంకెల భాషలే. మీ ఇంట్లో అది ఉంటే వీజీఏ జోలికి పోకండి.

అసలు అన్నిటికన్నా తేలికైన దారి ఇంకోటుంది, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. కొత్త మానిటర్లలో, ముఖ్యంగా తక్కువ ధర వాటిలో, హెచ్‌డీఎంఐతో పాటు వీజీఏ కూడా ఇప్పటికీ వస్తోంది. ఇంటెల్, ఏఎండీ కంపెనీలు 2015కల్లా వీజీఏని వదిలేస్తామని 2010 డిసెంబర్‌లోనే ప్రకటించాయి, డెల్, లెనోవో, సామ్‌సంగ్, ఎల్‌జీ కూడా వాటితో కలిశాయి. అయినా మన బజార్లలో అది ఇంకా పూర్తిగా పోలేదు. కొనేముందు మానిటర్‌ని ఒకసారి వెనక్కి తిప్పి చూసి ఉంటే, ఈ కథే ఉండేది కాదు. ఇంట్లో సీపీయూ వెనక ఏముందో ఫోన్‌లో ఫోటో తీసుకుని షాపుకి వెళితే ఇంకా మంచిది, పోర్టుల పేర్లు గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

ఆ రెండు తప్పు కన్వర్టర్లు ఏమయ్యాయంటే, ఒకటి పాత ప్రొజెక్టర్ ఉన్న ట్యూషన్ సారుకి పనికొచ్చింది. రెండోది మా అమ్మాయి బల్ల సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి నా ముందు పెడుతుంది, ఏమీ అనదు.

కార్డులు ఇచ్చేసిన మర్నాడు షాపులో పని తక్కువగా ఉంది. కొత్త తెర మీద పాత ఫోల్డర్లు తెరిచి చూస్తూ కూర్చున్నాను. 2010 ఫోల్డర్‌లో ఒక పలకల ఫ్యాక్టరీ లేబుల్ కనిపించింది. మార్కాపురం పలకలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియని పిల్లలకి చెప్పాలి. గనిలోంచి తీసిన రాయిని పొరలు పొరలుగా చీల్చి, కొలతకి కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి, పెట్టెల్లో పెట్టి ఊళ్ళూ దేశాలూ పంపేవాళ్ళు. మా నాయన ఆ చట్రాలు బిగించే పనిలో ఉండేవాడు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, నాయన కూడా లేడు. పెట్టె మీద అంటించే ఆ లేబుల్ నా మొదటి పనుల్లో ఒకటి, ఆ పని ఇప్పించింది ఆయనే. పక్క ఫోల్డర్‌లో ఆయన పెద్దకర్మ కార్డు ఉంది. అది కూడా నేనే కొట్టాను.

ఆ శుక్రవారం సాయంత్రం నేను రేటు అడిగింది ఈ డబ్బాకే.

అమ్మాయి బడి నుంచి వచ్చాక ఇవి చూపించాను. చూసి, "వీటికి ఇంకో కాపీ ఉందా నాన్నా?" అని అడిగింది. లేదు. 2009 నాటి హార్డ్ డిస్కు ఒక్కటే. మానిటర్ పోతే టార్చి వేసైనా చూడొచ్చు, డిస్కు పోతే ఏ దుబాసీ వచ్చినా చెప్పడానికేమీ ఉండదు. ఆ రాత్రే పెద్ద పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి మొత్తం కాపీ చేశాం. అప్పుడు ఇంకో చిక్కు తట్టింది. కాపీ అయితే ఉంది గానీ, ఈ సీపీయూ పోయిన రోజున ఆ ఫైళ్ళను వేరే కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేవి డాలర్లూ కామాలే. అందుకని కంప్యూటర్ బతికి ఉండగానే ఒక్కో ఫైలూ తెరిచి పీడీఎఫ్‌గా మారుస్తున్నాం. ఫాంటును కూడా లోపల పొదిగి దాచమని చెబితే, అక్షరాల ఆకారాలు పీడీఎఫ్‌తోనే ఉండిపోతాయి, ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. దాన్నిండా వెతకడానికి గానీ, మార్చడానికి గానీ కుదరదు, చూసుకోవడానికి మాత్రం సరిపోతుంది. మీలో ఎవరింట్లోనైనా పాత కంప్యూటర్‌లో పెద్దవాళ్ళు ఇలాంటి ఫాంట్లతో రాసుకున్నవి ఏమైనా ఉంటే, మానిటర్ లేదని దాన్ని తుక్కుకు వేయకముందు ఒక్కసారి వెలిగించి చూడండి.

పని విభజన ఇలా కుదిరింది. ఫైలు తెరిచి సరిగ్గా ఉందా లేదా చూడటం నా పని, పీడీఎఫ్ చేసి పేరు పెట్టడం అమ్మాయి పని. "కార్డ్ ఫైనల్", "కార్డ్ ఫైనల్ 2", "కార్డ్ కొత్త ఫైనల్" అని నేను పెట్టిన పేర్లు చూసి తను నవ్వుకుని, ఊరు, ఇంటిపేరు, సంవత్సరం వేసి మార్చేస్తోంది. దసరా సెలవుల్లో 2009 నుంచి 2013 దాకా అయ్యాయి. మిగతావి సంక్రాంతి సెలవుల్లో చేద్దామంది.